ఇదెవరి చేనమ్మా?

చింతామణి,
శుక్రవారం పొద్దున.

మా రవణన్నకు,

నీకూ వదినకూ మొక్కి చెల్లెలు రత్న రాసేది. ఇక్కడ మేం ముగ్గురం బాగున్నాం. మీ బావ బాగున్నాడు, పాప బాగుంది, నా మోకాలు కూడా ఈమధ్య చెప్పిన మాట వింటోంది. నీ దగ్గు తగ్గిందా? చలికి వదిన కాళ్ళు పగులుతాయి కదా, ఆముదం రాసుకుంటోందా, లేక నీకూ ఆవులకూ చాకిరీ చేస్తూ మరిచిపోతోందా? ఎర్రావు ఈనిందా? ఫోనులో అడిగితే నువ్వు "ఆ, అంతా బాగుండాములేమ్మా" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. నీ బిడ్డ సుమతి చేత చదివించుకో, వదినను కూడా పక్కన కూర్చోబెట్టు.

ముందు ఒక సంగతి. పోయిన ఉత్తరంలో అనపగింజల పితికిపప్పు తినడానికి రండి, నా అనపచేను పూతకొచ్చింది అని గొప్పగా రాశాను కదా. ఆ చేను ఇప్పుడు లేదు. అయ్యో అనుకోవద్దు! నేను ఏడుస్తూ రాయడం లేదన్నా, ఎగురుతూ రాస్తున్నాను. చేతులు ఆగక అక్షరాలు కొక్కిరిబిక్కిరిగా పడుతున్నాయి, తిట్టుకోవద్దని సుమతికి చెప్పు. నిన్న మా వీధికి జేసీబీ వచ్చింది. ఎందుకొచ్చిందో మొదటినుంచి చెబితే తప్ప నీకు అర్థం కాదు.

మిట్టేమరిలో చేను నీ చేతిలో పెట్టి, బోర్లు ఎండిపోయాయని మేం ఇక్కడికి వచ్చినప్పుడు మొదట్లో నాకు ఎంత దిగులుగా ఉండేదో నీకు తెలుసు. మీ బావ తెల్లవారకముందే టమాటా మండీకి పోతాడు. పాప స్కూలుకు పోతుంది. తర్వాత ఇంట్లో నేనూ, గోడలూ. ఈ లేఅవుట్లో ఇళ్ళు బాగుంటాయి కానీ తలుపులన్నీ వేసే ఉంటాయి. "తిన్నావా" అని అడిగే మనిషి లేదు. వీధికి పేరు కూడా లేదు, నాలుగో క్రాస్ అంటారు. మురికి కాలువ వేస్తామని ఎప్పుడో గీత గీసి పోయారు, ఆ గీత కూడా చెరిగిపోయింది.

మా ఇంటి ఎదురుగా పెద్ద ఖాళీ జాగా ఉంది. లేఅవుట్ నక్షలో అది పార్కట. పార్కు లేదు, బెంచీ లేదు, ఉత్త ముళ్ళకంప. నల్లరేగడి కలిసిన ఎర్రమన్ను అన్నా, చేతిలోకి తీసుకుంటే వదలబుద్ధి కాదు! తొలకరి పడింది. పక్కూళ్ళలో అందరూ విత్తుతున్నారు. నేల ఊరికే పడి ఉంటే మన చేతులు ఊరుకుంటాయా? కంప కొట్టించాను, నువ్విచ్చిన విత్తనం తెచ్చి, మన దగ్గర చేసినట్టే రాగి చల్లి మధ్యమధ్యలో అనప సాళ్ళు వేశాను. అప్పుడు చూడాలి! మూసిన తలుపులన్నీ తెరుచుకున్నాయి. కలుపు తీయడానికి ఒకరు, కాకులను తోలడానికి ఒకరు. మా పక్కింట్లో కన్నడం టీచరుగా చేసి రిటైరైన ఆమె ఉంది, అందరూ మేష్ట్రమ్మ అంటారు. ఆమె కూడా కొడవలి పట్టింది. రాగులు కోసుకుని ఇంటింటికీ ఇన్ని పంచాను. నాకు ఊరు దొరికినట్టయింది.

ఇంక నీళ్ళ సంగతి. మా వీధికంతా ఒకటే బోరు. పాపకు పాలపళ్ళు ఊడి కొత్తవి వస్తున్నాయి. ముందొచ్చిన పన్ను మీద సున్నం రాసినట్టు తెల్లటి మచ్చ కనిపించింది. పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోతే, "నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువుంటే ఇట్లే అవుతుందమ్మా. వచ్చిన పన్ను వచ్చేసింది. మిగిలినవి ఇంకా చిగుళ్ళ లోపల తయారవుతాండాయి. ఇప్పుడే నీళ్ళు మారిస్తే అవి బాగొస్తాయి" అంది. నగరసభ, అదే మునిసిపాలిటీ వాళ్ళు బోరు నీళ్ళు పట్టుకుపోయి చూస్తే ఆమె చెప్పిందే నిజమని తేలింది. అప్పటినుంచి తాగడానికి మా వీధి చివర శెట్టప్ప అంగడిలో క్యాన్లు తెచ్చుకుంటున్నాం. కానీ ముద్దకు ఎసరు, చారుకు నీళ్ళు, అన్నీ క్యాన్లతో అయ్యే పనా?

ఆ రోజు డాక్టరమ్మ దగ్గరినుంచి వస్తుంటే దారంతా నాకు నువ్వే గుర్తొచ్చావు. నా పెళ్ళి ఫోటోలో అందరూ నవ్వుతుంటే నువ్వు కండువా నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డావు చూడు, అది. మన ఊరి నీళ్ళు నీ పళ్ళను గోధుమరంగు చేశాయి, దాంతో పాటు నీ నవ్వును కూడా పట్టుకుపోయాయి. నా బిడ్డ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాలా? నాకు కోపం వచ్చిందన్నా. ఎవరి మీదో తెలియని కోపం.

అప్పుడే నగరసభ ఒక మంచి మాట చెప్పింది. వార్డులో సర్కారు జాగా ఖాళీగా ఉంటే అక్కడ శుద్ధి చేసిన నీళ్ళ యూనిట్ కడతామని. మా పార్కు జాగా ఉంది కదా! వీధంతా సంబరం. చూడడానికి ఇంజనీరు వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో టేపు. నేను వాకిట్లో ముగ్గేస్తున్నాను. మంచు పడి అనపపూత ఘుమఘుమలాడుతోంది. ఆయన జీపు దిగి చుట్టూ చూసి అడిగాడు.

"ఇదెవరి చేనమ్మా?"

ఏ రైతునైనా అడిగి చూడు, కాపు మీదున్న చేను చూపించి ఎవరిదంటే ఏం చెబుతాడో! నేను ముగ్గు గిన్నె కింద పెట్టి, కొంగు సర్దుకుని, ఛాతీ విరుచుకుని చెప్పాను.

"నాదే సార్! విత్తనం మా అన్నది, మిట్టేమరి రవణప్పది. ఆయన చెయ్యి పడితే రాయి కూడా మొలకెత్తుతాది!"

ఆయన టేపు చుట్టేశాడు. "అయితే ఒత్తువరి అయిపోయిందన్నమాట" అన్నాడు. సర్కారు జాగా ఆక్రమించుకుంటే కన్నడంలో ఒత్తువరి అంటారు, నీకూ తెలుసు. "ఖాళీ జాగా అంటేనే మేం కట్టేది తల్లీ. మీరేమో పైరు పెట్టి నాదంటాండారు. ఇంక పక్క వార్డుకు ఇచ్చేస్తాం" అని జీపెక్కేశాడు.

నా నోరు పడిపోను! నా పేరే కాదు, నీ పేరు కూడా చెప్పి పంపాను చూడు. నగరసభ లెక్కలో ఇప్పుడు నువ్వు కూడా ఆక్రమణదారుడివే!

సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధ. శెట్టప్ప మాత్రం అంగడి మెట్ల మీద నిలబడి, "పోనీలేమ్మా. ఆ జాగాలో వరసగా అంగళ్ళు కట్టమని అడుగుదాం, వ్యాపారమన్నా పెరుగుతాది" అన్నాడు. ఆయన అన్నది దురాశతో కాదు, ఆయన ఆలోచన అంతే. మేష్ట్రమ్మ నన్ను చెయ్యి పట్టుకుని వార్డు సభకు తీసుకుపోయింది. అక్కడ ఆమె కన్నడంలో గట్టిగా వాదించింది. అది పార్కు జాగా, ఎవరిదీ కాదు, ఈమె పడావు నేల చూసి ఊరికే ఉండలేక విత్తింది, అంతే అని. సభలో నవ్వారు. ఆఖరుకు తేల్చింది ఏమంటే, సోమవారం ఇంజనీరు మళ్ళీ వస్తాడు. జాగా శుభ్రంగా ఉంటే యూనిట్ మాకే. పైరుంటే పక్క వార్డుకు.

సోమవారమంటే పూత పిందెగా మారే రోజులు. పూతమీదున్న పైరు పీకితే నేలతల్లి ఉసురు తగులుతుందని మన అమ్మ అనేది కదన్నా. మీ బావ కూడా, "ఇంకొన్నాళ్ళు ఆగమని అడిగుంటే కాయలన్నా దక్కుతాండె" అన్నాడు. "నీళ్ళు పక్క వార్డుకు పోయినాక ఆ కాయలు ఏ నీళ్ళల్లో ఉడకబెడతావు?" అన్నాను.

ఆదివారం పొద్దున చేటలో పసుపు కుంకుమ పెట్టుకుని, కోతకు ముందు మనం చేసినట్టే గట్టు మీద టెంకాయ కొట్టాను. "తల్లీ, నీకు కడుపుకోత పెడుతున్నాను. నా బిడ్డ పళ్ళ కోసం. కోపం పెట్టుకోవద్దు" అని మొక్కాను. మొదటి మొక్క పట్టుకుంటే చెయ్యి రాలేదు. పూలమీద తేనెటీగలు తిరుగుతున్నాయి. ఏడుపొచ్చేసింది, ఏడుస్తూనే పీకాను.

తల ఎత్తితే మేష్ట్రమ్మ పక్క సాలులో ఉంది. ఆమె వెనకాల వీధి ఆడవాళ్ళందరూ. మీ బావ లుంగీ ఎగ్గట్టి దిగాడు. ఆ తర్వాత ఎవరొచ్చారో చెప్పు చూద్దాం? శెట్టప్ప! అంగడికి షట్టరు దించి వచ్చాడు.

"ఏందప్పా, నువ్వు కూడానా? క్యాన్ల వ్యాపారం పోతాదే!" అని నేను ఎకసెక్కమాడాను.

"పోతే పోతాది. నా మనవరాలు తినే ముద్ద యాడ నీళ్ళల్లో ఉడుకుతాండాది? ఇదే బోరు గదమ్మా" అన్నాడు. అని ఒక మొక్క పీకబోయి వెల్లకిలా పడ్డాడు. పుట్టి బుద్ధెరిగాక నేలమీద చెయ్యి పెట్టినవాడు కాదు పాపం. అందరం పొట్ట చెక్కలయ్యేట్టు నవ్వాం. నా ఏడుపు యాడపోయిందో తెలియదు. పీకినదంతా మేకలకూ ఆవులకూ వేశాం, ఒక్క ఆకు కూడా పారేయలేదు. ముందు కాసిన కాయలు ఒడిలోకి దొరికాయి. వాటితోనే ఆ పూట పితికిపప్పు చేశాను. ఒక్కొక్కరికి ఒక్క గరిటే వచ్చింది.

సోమవారం ఇంజనీరు వచ్చాడు. నేల చదునుగా, కసువు ఊడ్చి ఉంది. వీధి మొత్తం మా ఇంటి గేటు దగ్గర నిలబడి ఉన్నాం. ఆయన నా వైపు చూసి మీసం కింద నవ్వుతూ మళ్ళీ అదే అడిగాడు.

"ఇదెవరి జాగామ్మా?"

నేను నోరు గట్టిగా మూసుకున్నాను. నా కొంగు పట్టుకుని నిలబడిన పాప, ఆ పళ్ళసందుతోనే అరిచింది: "అందరిదీ!"

ఇంజనీరు టేపు విప్పాడు అన్నా! ఆ టేపు సాగుతుంటే నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నిన్న జేసీబీ వచ్చి పునాది తవ్వింది. ఉగాది లోపల నీళ్ళు వస్తాయంటున్నారు. సర్కారు మాట కాబట్టి నేను కొంచెం అటూ ఇటూ అనుకుంటున్నాను. మిగిలిన జాగా చుట్టూ చెట్లు పెట్టుకోండి అన్నారు. ఈసారి రాతపూర్వకంగా అడిగి మరీ పెడతాను, భయపడవద్దు.

నువ్వు వచ్చేటప్పుడు మన గట్టు మీది కానుగ మొలకలు రెండు వేరుమన్నుతో సహా తీసుకురా. మన చేలో అనపకాయలు ఒక గోతం నిండా కోసుకురా. వీధికంతా కడుపునిండా పితికిపప్పు పెట్టాలి, ఆ ఒక్క గరిటె నా మనసుకు సరిపోలేదు. వదినను కూడా పిలుచుకుని రా, ఆవులను చూసుకునేవాళ్ళు ఊళ్ళో లేరా ఏం? బాగేపల్లిలో బస్సు ఎక్కేటప్పుడు ఒక్క ఫోను చెయ్యి, మీ బావ స్టాండుకు వస్తాడు. మేం బాగున్నాం, నిజంగా బాగున్నాం, నా గురించి దిగులు వద్దు.

పెద్దమ్మకు నా మొక్కులు చెప్పు. సుమతికి ముద్దులు. మీ దీవెన మా ఇంటి మీద ఉంచండి.

ఇంకొక్కటి అన్నా. నీళ్ళ కొళాయి తిప్పే రోజు వీధంతా నిలబడి ఫోటో తీసుకుంటాం. నువ్వు ముందు వరసలో, పాప పక్కన నిలబడాలి. కండువా ఇంట్లోనే పెట్టి రా.

నీ చెల్లెలు,
రత్న