మలుపు తిరగని జత

మే 5, సాయంత్రం

డెమో క్లాసు పోయింది. గుంటూరు కాలేజీలో హిస్టరీ లెక్చరర్ పోస్టు. ఇచ్చిన టాపిక్: ఇంగ్లండు అంతర్యుద్ధంలో రాజు సైన్యం ఎందుకు ఓడింది. బోర్డు మీద పది కారణాలు రాశాను. లండన్ ఎదుటిపక్షం పార్లమెంటువాళ్ల చేతిలో ఉంది, రేవులు వాళ్లవే, పన్నులూ వాళ్లకే. అన్నీ కరెక్టే. మూడో కారణానికే ముందు బెంచీలో అన్విత అనే అమ్మాయి ఆవలించింది. ఆరో కారణానికి నాకే ఆవలింత వచ్చింది.

ప్రిన్సిపల్ రామమూర్తిగారు మర్యాదస్తులు. షమీమ్ గారూ, శుక్రవారం ఇదే టాపిక్ ఇంకోసారి చెప్పండి, అదే లాస్ట్ అన్నారు. ఇది నా నాలుగో ఇంటర్వ్యూ. ఇదీ పోతే చీరాలలో మామయ్య బట్టల షాపులో బిల్లులు కొట్టాల్సిందే.

మే 6

ఆ రాజు మీద ఒళ్లు మండిపోతోంది.

మే 7

అద్దంకి పక్కన మా ఊరికి వచ్చాను. తిరునాళ్లలో బండలాగుడు పోటీ. మా నాన్న బుడాన్ ఎడ్ల జత దిగింది. మొదటి పరుగు అందరికంటే మాదే ఫాస్టు. ఒకటే ఈలలు. గీత దగ్గర మలుపు తిప్పి మళ్లీ లాగాలి. మా పెద్దెద్దు ఆగితేగా! ఈలల ఊపులో జతెద్దునీ బండనీ ఈడ్చుకుంటూ శెనక్కాయల బండి మీదికి పోయింది. వెనక్కి తెచ్చేసరికి టైమైపోయింది. వెంకటేశ్వరమ్మగారి ఎడ్లు నిదానంగా లాగాయి, గీత దగ్గర బుద్ధిగా తిరిగాయి, గెలిచాయి.

దీనికి మేత దండగ, శనివారం పశువుల బేరగాడికి తోలేస్తానన్నాడు నాన్న. అమ్మ వడ్డిస్తూ ఎద్దుని తిడుతోంది. నేను ముద్ద చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాను.

నేస్‌బీ! ఆ రాజు ఓడిన యుద్ధం!

మే 9, మధ్యాహ్నం

కొట్టేశాను! ఉద్యోగం నాది!

ఈసారి కారణాలు రాయలేదు. బోర్డు మీద రెండు గీతలు గీసి, ఇది బండలాగుడు బరి అన్నాను. క్లాసు సర్దుకుని కూర్చుంది. సగంమంది పల్లెటూరి పిల్లలే. శెనక్కాయల బండితో సహా మా పరువంతా తీసి చెప్పాను. ఒకటే నవ్వులు.

తర్వాత నేస్‌బీ, 1645. ఒక పక్క రాజుగారి గుర్రపుదళం మొదటి ఊపులోనే గెలిచింది. తరుముకుంటూ సామాన్ల బళ్ల దాకా పోయింది. రెండో పక్క పార్లమెంటు సేనాని క్రామ్‌వెల్ కూడా గెలిచాడు, కానీ ఆయన గుర్రాలను తిప్పాడు. తిప్పి, నడుమ మిగిలిన రాజు కాల్బలం మీద పడ్డాడు. రాజుగారి గుర్రాలు తిరిగొచ్చేసరికి యుద్ధం అయిపోయింది.

యూసుఫ్ అనే కుర్రాడు లేచి, మరి వాళ్లకి ఆ తిప్పడం ఎలా వచ్చింది మేడం అని అడిగాడు. ముద్దొచ్చాడు. లండన్, రేవులు, పన్నులు అప్పుడు చెప్పాను. వేళకి జీతమొచ్చే సైనికుడు దోపిడీకి పరిగెత్తడు, చెప్పిన మాట వింటాడు. పది కారణాలూ వాటంతటవే వచ్చి కూర్చున్నాయి. బెల్లు కొట్టినా అన్విత లేవలేదు!

వెనక బెంచీ నుంచి రామమూర్తిగారు, శెనక్కాయలవాడి సంగతేమిటని మాత్రం అడిగారు. నాన్న బస్తా కాయలు ఇచ్చుకున్నాడండీ అన్నాను. సోమవారం నుంచి రమ్మన్నారు.

మే 10

పొద్దున నాన్నకి ఫోన్లో పాఠమంతా చెప్పాను. చివరికి ఆ రాజు ఏమయ్యాడని అడిగాడు. తల తీసేశారు నాన్నా అన్నాను. బేరగాడొచ్చినట్టున్నాడని ఫోన్ పెట్టేశాడు.

మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది. బేరగాణ్ణి వెనక్కి పంపేశాడట. ఎద్దుకి మలుపు నేర్పుతున్నాడట, ఇంత ఎండలో.