చెంగు నుంచి చివరిదాకా

తిరుపతి,
మంగళవారం.

మునిచంద్ర మామకు,

ఫోనులో చెబితే మధ్యలోనే పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను. శుక్రవారం నీ మగ్గం కొనడానికి నగరికి ఎవరో వస్తున్నారని అమ్మ చెప్పింది. వాళ్లు రాకముందే ఇది చదువు.

ఇక్కడ వెబ్ పేజీలు చేయడం నేర్చుకుంటున్నాను కదా. మొదటి పేజీ నువ్వు నేసిన నేరేడు రంగు చీర మీదే చేశాను. చీర మొత్తం విప్పి చూపించకుండా ధర చెప్పకూడదని నువ్వే నేర్పావు. అందుకని మూరకొక ఫోటో తీసి, చెంగు నుంచి చివరిదాకా ఒకదాని కింద ఒకటి పెట్టాను. ధర, నా నంబరు అన్నిటికన్నా కింద ఉన్నాయి.

మా సారు వేలితో జరిపీ జరిపీ విసుక్కున్నాడు. “ఇంత పొడుగు పేజీ ఎవురు సూస్తారమ్మా? నంబరు పైన పెట్టు” అన్నాడు.

“సీర సూడకముందే బేరమా సార్?” అన్నాను. మార్కులు తగ్గించాడు. పేజీని అట్లాగే నెట్‌లో పెట్టేశాను.

నిన్న గూడూరు నుంచి గ్రేసీ అనే ఆవిడ ఆ చీర కొంటానని ఫోను చేసింది. చివరిదాకా చూసింది ఇప్పటికి ఆమె ఒక్కతే.

“కింది ఫోటోలో అంచు కాడ పోగు తెగి ఉండాది, సూసుకున్నారా?” అంది.

నేను చూసుకోలేదు. నువ్వూ చూసుకోలేదు. సరిచేసి పంపుతామన్నాను.

“వద్దు. మీరు పంపింది ఈ సీరేనని నాకెట్లా తెలిసేది? ఆ పోగు అట్లే ఉండనీ” అంది.

వాళ్ల చెల్లెలికి కూడా ఇట్లాంటిదే నేసివ్వాలట. అందులో పోగు ఎక్కడ తెంచాలో కనుక్కుని రాస్తాను. అందాకా మగ్గం ఇవ్వొద్దు.

నీ మేనకోడలు