అన్నం ఎవరితో తినాలంటే

బుజ్జమ్మా,

లేచేసరికి నేను ఉండను. ఇవాళ మీ ఏడో తరగతి పిల్లలందరికీ హైస్కూలు చూపించాలి. అక్కడ మిమ్మల్ని తిప్పి చూపించే టీచర్ని నేనే కాబట్టి ముందే పోతున్నాను. నిన్ను మాత్రం స్కూటరెక్కించుకోను. తొమ్మిదింటికి తాళం వేసి మిగతా పిల్లల్లాగే రెండో నంబరు బస్సెక్కు, హైస్కూలు గేటు దగ్గరే ఆగుతుంది. కిటికీ పక్కన కూర్చుని కునుకు తీశావంటే డిపోలో తేలతావు.

రాత్రి నువ్వు ముక్కు చీదుతూ, "అక్కడ నాకెవరున్నారమ్మా? అన్నం ఎవరితో తినాలి?" అన్నావు. మూడేళ్లుగా స్టాఫ్‌రూములో నా పక్కనే తింటున్నావు. తోటి పిల్లలతో ఒక్క ముద్ద తినలేదు. తప్పు నీది కాదు, కూర్చోబెట్టుకున్నది నేను.

అందుకే మధ్యాహ్నం బెల్లు కొట్టగానే నువ్వు పిల్లల్లోకి వెళ్లు. నా దగ్గరికి రావద్దు. ఎంత బతిమాలినా వినను. ఎవరి పక్కన కూర్చున్నావో, ఏం మాట్లాడుకున్నారో సాయంత్రం చెప్పాలి.

అమ్మ

ఇంకో మాట. నేనూ ఇన్నాళ్లూ మిగతా టీచర్లతో కలిసి తిన్నది లేదు. ఇవాళ ఎవరి పక్కన కూర్చోవాలో నాకూ తెలియడం లేదు. సాయంత్రం నేనూ చెప్తాను.