నాన్న తలకట్టు

మార్చి 14. బట్టలు రెండు బకెట్లు. నాన్నకు చేతి వ్యాయామం మూడుసార్లు, మందులు నాలుగు పూటలు. దుప్పటి మార్చడం ఒకసారి. చేయకుండా మిగిలింది: నీకు జవాబు.

పిచ్చుకా, అమ్మ దీవెనలు. ఇక్కడ ఇద్దరం ఉన్నాం. క్షేమమన్న మాట మాత్రం నాన్న తరఫున రాయలేను.

నువ్వడిగినవి వరుసగా చెబుతాను. నాన్న రాత కోసం నువ్వు చేసిన ప్రోగ్రాం మన కంప్యూటర్లో తెరుచుకుంది. మీట నొక్కినప్పుడల్లా అక్షరం చుక్కలుగా విడిపోయి, కొంచెం మారి మళ్లీ కూడుకుంటోంది. ఒకసారి వచ్చిన ‘క’ ఇంకోసారి రాదన్నావు. నలభైసార్లు నొక్కాను, రాలేదు.

ఇక రెండోది. “నాన్న తలకట్టు నిటారుగా లేచేది కదమ్మా, తెర మీద కుడికెందుకు వాలుతోంది?” అని మూడు వారాలుగా ప్రోగ్రామంతా తిరగేస్తున్నావట. వచ్చే వారం ప్రదర్శన. దానికి ‘మా నాన్న చెయ్యి’ అని పేరు కూడా పెట్టావు.

ప్రోగ్రాంలో తప్పు లేదు. తప్పు నాది.

అక్షరాలన్నీ నాన్నతో రాయించి పంపమన్నావు. కుడిచెయ్యి పడిపోయింది కదా, ఎడమ చేత్తో రాయడానికి కూర్చున్నారు. ముప్పై ఏళ్లు బోర్డులు రాసిన మనిషికి ‘అ’ కుదరలేదు. నాలుగు కాగితాలు నలిపేసి, “నావల్ల కాదని పిల్లకు చెప్పెయ్” అన్నారు. చెప్పలేకపోయాను. వంటగదిలో కూర్చుని, ఆయన రాత గుర్తు చేసుకుంటూ అన్నీ నేనే రాసి పంపాను.

నిన్న ఆయనకు తెర చూపించాను. మొదటి అక్షరానికే పట్టేశారు.

“ఇది నీ చెయ్యే.”

“కాదండీ, మీదే.”

“ఇన్నేళ్లూ నీ సరుకుల చీటీలు మోసినవాణ్ని, నాకు తెలీదా?” అని నవ్వారు. మళ్లీ తెర చూసి, “బాగానే దింపావు. ఇంక నాతో పనేముంది?” అని గోడవైపు తిరిగారు.

ఇవాళ వ్యాయామానికి వేళ్లు కదపనే లేదు. మూడుసార్లూ నేనే ముడిచి, నేనే తెరిచాను.

ఆయన రాసిన బోర్డులు ఒక్కటీ మిగల్లేదని నీకూ తెలుసు. నువ్వు పుట్టిన వారం నేను ఆసుపత్రిలో ఉంటే, నా ఇంటిఖర్చుల లెక్కల పుస్తకం ఆయన రాశారు. పాలు, సబ్బు, బస్సు, మళ్లీ బస్సు. పంపనా అని అడిగితే దుప్పటి మీదికి లాక్కున్నారు. ఆ పేజీ కోసి జత చేస్తున్నాను. వేరువేరు అక్షరాలు పద్నాలుగే ఉన్నాయి, లెక్కపెట్టాను. తలకట్లన్నీ నిటారుగానే ఉన్నాయి. దొరకనివాటి చోట నావి పెట్టకు. ఖాళీ వదిలెయ్.

ఇట్లు,
నీ అమ్మ

నీకు నేను పడ్డ బాకీ: నాన్న రాత, ఒక పేజీ. చెల్లు.