గేర్ల పొట్లం

ఆదివారం, రాత్రి

ఈరోజు చేసిన పని ఎవరికీ చెప్పుకోలేను.

ఆయనా నేనూ విడిపోయాక అమ్ములు నా దగ్గరికి ఆదివారాలే వస్తోంది. పోయిన నెల రెండు ఆదివారాలు రానేలేదు. అందుకే దాని పదో పుట్టినరోజుకి మనమే బిగించుకునే రిమోట్ ట్రక్కు కొన్నాను. షాపతను, "మొదటిసారైతే ఈ చిన్నది తీసుకోండి మేడమ్, ఒక్క పూటలో అయిపోద్ది" అన్నాడు. నేను పెద్ద పెట్టె చూపించాను. "అది నెలలు పడుతుందండి, పిల్లలు విసిగిపోతారు." నాకు కావలసింది ఆ నెలలే.

మధ్యాహ్నం ఇద్దరం ముందు చక్రాలు బిగించాం. ఒకటి నేను తిరగేసి పెట్టాను. "అమ్మా, నువ్వు డిగ్రీ వాళ్లకి పాఠాలెలా చెప్తావసలు!" అని పకపకా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో.

సాయంత్రం వాళ్ల నాన్న కారు హారన్ వినబడగానే పెట్టె సర్దేసింది. "భీమవరం పట్టుకెళ్తానమ్మా. నాన్న రొయ్యల చెరువులో నీళ్లు చిమ్మే ఏరియేటర్లే విప్పి బిగించేస్తారు, ఇదెంత? రెండ్రోజుల్లో అయిపోద్ది."

సరేనన్నాను. అది చెప్పులు వేసుకుంటుండగా గేర్ల పొట్లం తీసి పోపుల డబ్బాలో దాచాను. గేర్లు లేనిదే బండి కదలదు. వాటి కోసమైనా వస్తుందనుకున్నాను.

ఇందాక ఫోన్ చేసింది. "గేర్లు లేవమ్మా, షాపతను మోసం చేశాడు. పర్లేదులే, నాన్న రెడీమేడ్‌ది కొంటానన్నారు. వచ్చే ఆదివారం ఇక్కడే గట్టు మీద తిప్పుకుంటా."

పొట్లం చేత్తో పట్టుకునే విన్నాను. మెంతుల వాసన. దొరికిందే, వచ్చెయ్యి అందామనుకుని, మళ్లీ డబ్బాలోనే పెట్టేశాను. ఇంకేం చూపించి పిలవను?