పక్క సీటువాళ్లు తలెత్తలేదు

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నేను ఆఫీసుకే వెళ్లాను.

మాత్రలు వేసుకుంటున్నా అప్పుడప్పుడు గొంతులు వినబడుతూనే ఉన్నాయి. ఇదివరకు అలా వినబడినప్పుడు ఈ గచ్చిబౌలి ఆఫీసు నుంచి ఫోన్ చేస్తే నువ్వు చెప్పేదానివి: "పక్క సీటోళ్లు తలెత్తిండ్రా? ఎత్తలే గదా. గట్లయితే నిన్నెవ్వరు పిలవలే. పని చూస్కో, చిన్నోడా."

ఇవాళ మధ్యాహ్నం "చిన్నోడా" అని వినబడింది. పక్క సీటులో సుజాత గారు తలెత్తలేదు. అయినా అడిగాను, నన్నెవరైనా పిలిచారా అని. నాకు స్కిజోఫ్రీనియా అని కూడా చెప్పాను. ఆఫీసులో ఒకరికి చెప్పడం ఇదే మొదలు.

ఆమె కీబోర్డు మీంచి చేతులు తీసి నా వైపు తిరిగారు. "ఎవరూ పిలవలేదండి. మళ్లీ డౌటొస్తే నన్నడగండి" అన్నారు.

సరేనన్నాను. పిలిచింది నీ గొంతని మాత్రం చెప్పలేదు.