గాలి లేని ఆదివారం

గోదావరిఖని,
శుక్రవారం.

తమ్ముడు జైపాల్‌కు అక్క దీవెనలు. బాపు, నేను వేళకు తింటున్నాం, వేళకు లేస్తున్నాం. క్షేమమంటే అదే అయితే ఇక్కడ క్షేమమే. ఆ మంచుకొండల్లో డ్యూటీ చేస్తున్న నువ్వు కూడా బాగుండాలని కోరుకుంటున్నాను. ఉత్తరం ఎందుకు రాస్తోంది అక్క, ఫోన్ ఉంది కదా అనుకుంటావేమో. ఫోన్‌లో సగంలో సిగ్నల్ పోతుంది, పోకపోతే నేనే పెట్టేస్తాను. ఇది మాత్రం చివరిదాకా చెప్పాల్సిన సంగతి.

బాపు మాత్రలు వేసుకుంటున్నాడా అని అడిగావు. వేసుకుంటున్నాడు. వణుకు తగ్గలేదు గానీ పెరగడం నెమ్మదించిందని దవాఖానలో చెప్పారు. ఒలకకుండా ఉండాలని చాయ్ సగం గ్లాసే పోసి ఇస్తున్నాను. "ఇంట్ల పాలకు కరువొచ్చిందా?" అంటాడు. అవునంటాను.

నా మొబైల్ రిపేర్ కౌంటర్ బాగానే నడుస్తోంది. బడులు తెరిచాక పనితో తీరిక లేదు. బాపు దోస్తు పోశం కాక మోకాలికి ఆపరేషన్ అయింది, కర్ర పట్టుకుని తిరుగుతున్నాడు. నీ గురించి రోజూ అడుగుతాడు.

ఇక బాపు రిమోట్ విమానం ఒరిగిపోకుండా నిలబెట్టడానికి నువ్వు పంపిన జైరో సంగతి. అగ్గిపెట్టెలో సగం కూడా లేని ఆ డబ్బీని కిందటి ఏడు దసరా ముందు విమానం పొట్టలో అతికించాను. బాపుకు చెప్పొద్దన్నావు, చెప్పలేదు. నువ్వు రాసినట్టే పరీక్షించాను: విమానాన్ని చేతిలో పట్టుకుని కుడివైపుకు వంచితే, కుడిరెక్క అంచున ఉన్న పలక దానంతటదే కిందికి దిగి ఆ రెక్కను పైకి లేపాలి. మొదటిసారి పలక పైకి లేచింది. అలాగే ఎగరేస్తే జైరోయే విమానాన్ని ఇంకా వంచి నేలకు కొట్టేది. సెట్టింగ్ తిరగేశాను. రిమోట్ పై అంచున ఉన్న మీట పైకి ఉంటే జైరో పని చేస్తుంది, కిందికి దించితే ఆగిపోతుంది. "అది బ్యాటరీది బాపూ, ముట్టకు" అని చెప్పాను.

నీకు తెలియనిది ఒకటుంది. బాపు చేతికి ఇచ్చేముందు ఇరవై రోజులు కౌంటర్ తెరవకముందే మైదానానికి వెళ్లి నేనే ఎగరేశాను, ఒకసారి జైరో పెట్టి, ఒకసారి ఆపి. నీకు బాపు నేర్పిన రోజుల్లో విమానాన్ని మోసుకు రావడం నా పని. మోస్తూ మోస్తూ చూసి నేర్చుకున్నాను. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

జైరో వచ్చాక బాపు ఎట్లా మారాడో నువ్వు చూడలేదు. ముప్పై ఏళ్లు వైండింగ్ ఇంజిన్ మీద కూర్చుని మనుషుల్ని గనిలోకి దించినవాడు, చెయ్యి వణికి రెండు విమానాలు కూలాక గోడవైపు తిరిగి పడుకున్నవాడు, మళ్లీ లేచాడు. గడ్డం తానే గీసుకున్నాడు. అంగీ గుండీలు అరగంట పట్టినా తానే పెట్టుకున్నాడు. ప్రతి ఆదివారం మైదానంలో జ్యోతినగర్ నుంచి వచ్చినవాళ్లు చుట్టూ నిలబడితే, "పై చెయ్యి వణుకుతది గని లోపలి చెయ్యి వణకది" అనేవాడు. అందరూ నమ్మారు. ఆయనా నమ్మాడు.

నెల రోజుల కిందటి ఆదివారం, ఇంజినీర్ రాంప్రసాద్ గారు, "మీ అమ్మాయికి కూడా నేర్పచ్చు కదండీ" అన్నారు. బాపు నవ్వాడు.

"దీనికా? నా చెయ్యి జైపాల్‌కొచ్చింది సారూ. దీని చేతిల ఏది నిలవది. మొగడే నిలవలే."

పోశం కాక కూడా నవ్వాడు. నేను బ్యాటరీ విప్పి సంచిలో పెట్టుకున్నాను.

కోపంలో తెలియక చేశానని రాయాలని ఉంది. కానీ అబద్ధమవుతుంది. ఆ వారమంతా ఫోన్లు విప్పుతూ, బిగిస్తూ దాని గురించే ఆలోచించాను. తర్వాతి ఆదివారం అందరూ వచ్చేదాకా ఆగాను. ఆకు కదలడం లేదు. మీట కిందికి దించి రిమోట్ బాపు చేతికిచ్చాను. పోశం కాక ఒక చేత్తో కర్ర పట్టుకుని, మరో చేత్తో విమానాన్ని గాలిలోకి విసిరాడు.

పది సెకన్లు కూడా పట్టలేదు. ఎడమకు ఒరిగింది. బాపు కుడికి లాగాడు, ఎక్కువ లాగాడు. మళ్లీ ఎడమకు. బాపు వేళ్లు ఎట్లా కొట్టుకుంటే విమానం అట్లా కొట్టుకుంది. మీట నా వేలికి అందేంత దగ్గరలోనే ఉంది. పైకి ఎత్తితే నిలబడేది. ఎత్తలేదు. ముక్కు కిందికి పెట్టి మా కళ్ల ముందే పడింది.

బాపు ఆకాశం వైపు చూశాడు, చెట్ల వైపు చూశాడు, చివరికి నా వైపు చూశాడు.

"గాలి తిరిగిందా బిడ్డా?"

అవునంటే చాలు తమ్ముడూ. ఒక్క మాటతో సరిపోయేది. అందరూ తలూపేవాళ్లు.

"లేదు బాపూ, గాలి లేదు" అన్నాను.

ఆ రోజు నుంచి గడ్డం గీసుకోలేదు. రెక్క అతికించి చూపిస్తే ముఖం తిప్పుకున్నాడు. నిజం చెప్పేద్దామని రోజూ అనుకునేదాన్ని. చెప్తే ఆ ఒక్క రోజు ఓటమి పోతుంది, కానీ ఎనిమిది నెలల గెలుపు కూడా పోతుంది. కిందటి వారం బుధవారం ఇక మోయలేక చెప్పేశాను. జైరో చూపించాను, మీట చూపించాను. బాపు ఆ డబ్బీని అరచేతిలో పెట్టుకున్నాడు. అది అరచేతిలో నిలవలేదు, మంచం మీద పడింది.

"అన్ని రోజులు ఇదేనా ఎగిరేసింది?"

"అవును బాపూ."

"కోపంల బంద్ చేసినవా?"

"కాదు. వారం రోజులు సోంచాయించి చేసిన."

డబ్బీని నా వైపు తోశాడు. తర్వాత, "ఇది లేకుంట నీకొస్తదా?" అన్నాడు. వస్తుందన్నాను. "అయితే సూపియ్యి" అన్నాడు.

మొన్న ఆదివారం ఆటోలో తీసుకెళ్లాను. జైరో విప్పేసి ఇంట్లోనే పెట్టాను. ఆ రోజు గోదావరి మీది నుంచి గాలి బాగా వీస్తోంది. ఎగరేశాను. రెండు చుట్లు తిప్పి, తలకిందులు చేసి, మళ్లీ తిప్పి, ఆయన కాళ్లకు నాలుగడుగుల దూరంలో దించాను. కుదుపు లేదు. పోశం కాక కర్ర చంకన పెట్టుకుని, బాపు వైపు తిరిగి చప్పట్లు కొట్టాడు. "అరే సదయ్యా, నీ చెయ్యి దీనికే వచ్చిందిరా!"

బాపు కళ్లలో నీళ్లున్నాయి. ఆ ఒక్క క్షణం, జైపాల్, ముప్పై ఎనిమిదేళ్ల దాన్ని, చిన్నపిల్లలా నిలబడ్డాను.

"పెట్టెల పెట్టు" అన్నాడు. "జైపాల్ వచ్చినంక వానికియ్యి. మల్ల నువ్వు ముట్టకు."

ఆడదాన్నని అన్నాడో, నేను చేసినదానికి అన్నాడో అడగలేదు. పెట్టెలో పెట్టి తాడు కట్టాను. నువ్వు లీవులో వచ్చినప్పుడు ఇస్తాను. తీసుకోవడం, తీసుకోకపోవడం నీ ఇష్టం. నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు. ఆయన దగ్గర మాత్రం నన్ను వెనకేసుకు రాకు.

నేను ఎగరేసిన ఆ ఆదివారం నుంచి బాపు కంచంలో చెయ్యి పెట్టడం లేదు. అన్నం నేనే కలిపి ముద్దలు పెడుతున్నాను. కళ్లు మూసుకుని నోరు తెరుస్తాడు. ముద్ద మింగాక మళ్లీ తెరుస్తాడు. కడుపు నిండితే తల పక్కకు తిప్పుతాడు. బిడ్డా అని పిలవడం మానేశాడు.

ఇట్లు,
నీకు మేలు కోరే, ఆయనకు కీడు చేసిన
నీ అక్క
శోభ